1/70 ఎవరికి అడ్డం?

(ఆదివాసీ యువజనుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగం. రాతలో పెట్టేటప్పుడు కొన్ని వివరాలు చేర్చాను. మాట తీరు మాత్రం అలాగే ఉంచాను.)



నాకిచ్చిన అంశం పేరు చాలా పెద్దది. "పెట్టుబడిదారీ విధానం, ప్రభుత్వాల ఆర్థిక విధానాలు, ఆదివాసీల మీద వాటి ప్రభావం" అట. పేరు వినగానే వెనక వరసలో వాళ్లు అప్పుడే ఫోన్లు తీశారు. తియ్యండి, పర్లేదు. నేను కూడా మీ ఫోన్లలోంచే మొదలుపెడతా.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తిరుగుతోంది. మీరూ చూసే ఉంటారు. "1/70 చట్టం తీసేస్తే ఏజెన్సీ బాగుపడుద్ది. భూమికి రేటు వస్తాది. బ్యాంకు లోన్లు వస్తాయి. హోటళ్లు, రిసార్టులు వస్తాయి. మనకి ఉద్యోగాలొస్తాయి." దీన్ని బయటోళ్లు పంపుతున్నారనుకుంటే పొరపాటు. మన పిల్లలే పంపుతున్నారు. డిగ్రీ చేసినోళ్లు, బీఈడీ చేసి ఇంట్లో కూర్చున్నోళ్లు పంపుతున్నారు. వాళ్లని తిట్టడానికి నేనిక్కడికి రాలేదు. చదువుకుని ఖాళీగా ఉన్నవాడికి ఎటు చూసినా దారి మూసుకుపోయినట్టుంటే, ఎవరో వచ్చి "ఇదిగో అడ్డం ఇక్కడుంది, తీసేస్తే సరి" అంటే నమ్మబుద్ధి అవుతుంది.

2025 జనవరిలో విశాఖపట్నంలో పర్యాటక పెట్టుబడుల సమావేశం జరిగింది. పర్యాటకం కోసం 1/70 సడలించాలన్న అర్థం వచ్చేలా శాసనసభ స్పీకరు అక్కడ మాట్లాడారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం మొత్తం బంద్ చేశాం. చట్టం మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. బంద్ గెలిచింది. కానీ ఆ వాదన చావలేదు, మన గ్రూపుల్లోనే తిరుగుతోంది. బంద్‌తో మాట ఆపించగలం గానీ, వాదనని వాదనతోనే ఎదుర్కోవాలి. ఈ రోజు నా పని అదే.

ఈ వాదన ఎక్కడ పుట్టింది?

పెరూ దేశంలో హెర్నాండో డి సోటో అని ఒక ఆర్థికవేత్త ఉన్నాడు. 2000లో ఒక పుస్తకం రాశాడు. అందులో ఆయన చెప్పింది సులువుగా చెప్తా. పేదోళ్ల దగ్గర ఆస్తి లేక కాదు, ఇల్లుంది, భూమి ఉంది. కానీ దానికి అమ్ముకోడానికీ తాకట్టు పెట్టడానికీ పనికొచ్చే కాగితం లేదు. అందుకని ఆ ఆస్తి చచ్చిన పెట్టుబడిలా పడి ఉంది. కాగితం ఇవ్వండి, మార్కెట్లోకి తెండి, ప్రాణం లేచొస్తుంది అన్నాడు. మార్కెట్‌ని నమ్మే మితవాద ఆర్థికవేత్తలు, ప్రభుత్వాలు ఈ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నారు. పేదరికానికి మందు దొరికింది, పంచాల్సిన పని లేదు, ఎవరి ఆస్తినీ ముట్టుకోవాల్సిన పని లేదు అనుకున్నారు.

మన గ్రూపుల్లో తిరిగే మాట ఇదే. పెరూ నుంచి పాడేరు దాకా నడిచొచ్చింది.

దీంట్లో కొంత నిజం ఉంది, అది ఒప్పుకుందాం. కాగితం కావాలి. పోడు భూమికి పట్టా లేక ఫారెస్టోళ్లు మొక్కలు పీకేస్తుంటే ఆ బాధ మనకి తెలుసు. 2006లో అటవీ హక్కుల చట్టం కోసం దేశం మొత్తం ఆదివాసీలు కొట్లాడింది ఆ కాగితం కోసమే. కానీ కాగితాలు రెండు రకాలు. ఒక కాగితం "ఈ భూమిలోంచి నిన్ను ఎవరూ వెళ్లగొట్టకూడదు" అంటుంది. ఇంకో కాగితం "ఈ భూమిని నువ్వు ఎవరికైనా పోగొట్టుకోవచ్చు" అంటుంది. అటవీ హక్కుల పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి చెల్లదు. అది మొదటి రకం. 1/70 తీసేయమనే వాళ్లు మన చేతిలో పెట్టాలని చూస్తున్నది రెండో రకం.

బ్యాంకు లోను సంగతి

"1/70 ఉంది కాబట్టి బ్యాంకు లోను రాదు" అంటారు. ఈ మాట బ్యాంకు మేనేజర్లు కూడా చెప్తారు. చట్టం అలా అనదు. 1/70 వచ్చిన మరుసటి ఏడాదే, 1971లో, దాన్ని సవరించారు. సహకార సంఘానికో, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకో భూమిని స్వాధీనం చేయకుండా తనఖా పెట్టొచ్చు. అప్పు తీర్చలేకపోతే ఆ భూమిని బ్యాంకు అమ్ముకోవచ్చు కూడా. ఒకటే షరతు: కొనేవాడు ఆదివాసీ అయ్యుండాలి, లేదా ఆదివాసీల సొసైటీ అయ్యుండాలి. అంతే.

మరి బ్యాంకుకి ఇబ్బంది ఏంటి? మన భూమి వేలంలో బయటోడికి పోదు, అదీ ఇబ్బంది. అందుకని ఎవరైనా "1/70 వల్ల లోను రావట్లేదు" అంటే దాని అసలు అర్థం "నీ భూమి బయటోళ్లకి పోయే వీలుంటేనే అప్పిస్తాం" అని. ఈసారి ఎవరైనా ఆ మాట అంటే 1971 సవరణ చదివారా అని అడగండి.

ఇంకో సంగతి చూడండి. కంపెనీ పేరు చివర "లిమిటెడ్" అని ఉంటుంది. దాని అర్థం ఎప్పుడైనా ఆలోచించారా? కంపెనీ మునిగితే వాటాదారుడు తను పెట్టిన వాటా వరకే పోగొట్టుకుంటాడు, ఆయన సొంత ఇల్లు, సొంత పొలం జోలికి మామూలుగా ఎవరూ రారు. ఆయన బాధ్యతకి హద్దు ఉంది. అదే లిమిటెడ్. కంపెనీ వేల కోట్ల అప్పు ఎగ్గొడితే 2016లో చేసిన దివాలా చట్టం కింద బ్యాంకులు కూర్చుని కొంత అప్పు వదులుకుని మిగతాది సర్దుకుంటాయి. రెండెకరాల మెట్ట ఉన్న మనిషికి ఈ హద్దు లేదు. ఒక ఏడు పసుపు రేటు పడిపోతే పొలం పోతుంది. ఆయనకి చట్టం ఇచ్చిన ఒకే ఒక్క హద్దు 1/70. పెద్దోళ్ల ఆస్తికి కంచె వేస్తే దాన్ని వ్యాపార వాతావరణం అంటారు. మన ఆస్తికి కంచె ఉంటే అభివృద్ధికి అడ్డం అంటారు.

భూమి సరుకు ఎలా అయ్యింది?

నేను డిగ్రీలో ఎకనామిక్స్ చదివాను. పుస్తకం మొదట్లోనే భూమి, శ్రమ, పెట్టుబడి, వ్యవస్థాపన అని నాలుగు ఉత్పత్తి కారకాలు ఇస్తారు. భూమికి భాటకం, శ్రమకి వేతనం అని బట్టీ పట్టిస్తారు. కానీ ఆ భూమి ఒకడి చేతిలోకి ఎలా వచ్చింది, ఆ శ్రమ చేసేవాడి దగ్గర శ్రమ తప్ప ఇంకేమీ ఎందుకు మిగల్లేదు అనే ప్రశ్న ఆ పుస్తకంలో ఉండదు.

ఆ ప్రశ్న అడిగినవాడు కార్ల్ మార్క్స్. ఆయన ఆర్థిక విషయాల్లోకి ఎలా వచ్చాడో తెలుసా? ఫ్యాక్టరీ చూసి రాలేదు. కట్టెల దగ్గర మొదలుపెట్టాడు. 1841లో జర్మనీలో రైన్ నది ప్రాంతపు చట్టసభలో ఒక చర్చ జరిగింది. అడవిలో రాలిన ఎండు పుల్లలు ఏరుకోవడం అక్కడి పేదోళ్లకి తరాల నుంచి ఉన్న అలవాటు. దాన్ని దొంగతనం కింద పెట్టాలని అడవి యజమానులు పట్టుబట్టారు. పాతికేళ్ల వయసులోపు కుర్రాడు, పత్రికలో పనిచేసే మార్క్స్, దాని మీద వ్యాసం రాశాడు. తనని ఆర్థిక ప్రశ్నల వైపు లాగిన వాటిలో ఆ చర్చ మొదటిదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

కట్టెలు ఏరితే కేసు! ఈ కథ మనకి కొత్తా? 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నిన్నటిదాకా మన తాతలు పోడు కొట్టుకున్న కొండ రాత్రికి రాత్రే రిజర్వు ఫారెస్టు అయిపోయింది. అడవి అదే, మనుషులు వాళ్లే. మారింది కాగితం ఒక్కటే.

ఇంగ్లండులోనూ ఇంతే. ఊరుమ్మడి బీళ్లకి కంచెలు వేసి, పార్లమెంటులో చట్టాలు చేసి, రైతుల్ని తరిమేశారు. వాళ్లే తర్వాత మిల్లుల్లో కూలీలయ్యారు. దీన్నే మార్క్స్ ఆదిమ సంచయనం అన్నాడు. అంటే పెట్టుబడి పుట్టడానికి ముందు జరిగే దోపిడీ. పొదుపు చేసినోడు పెట్టుబడిదారు అయ్యాడు, సోమరోడు కూలీ అయ్యాడు అని చెప్పే కథకి ఆయన ఇచ్చిన జవాబు అది. మార్కెట్ తనంతట తను పుట్టలేదు. దానికి చట్టం కావాల్సొచ్చింది, కంచె కావాల్సొచ్చింది, పోలీసోడు కావాల్సొచ్చింది.

మరి మనకి రక్షణ చట్టం ఎలా వచ్చింది? 1879లో రంప ఫితూరీ లేచింది. కల్లు మీద పన్నులు, మన్సబుదారు జులుం, పల్లం నుంచొచ్చిన షావుకార్ల అప్పుల పత్రాలు, కోర్టు జప్తులు, ఇవీ ఆ కోపానికి కారణాలు. మన్యంలో భూమి చేతులు మారితే తిరుగుబాటు వస్తుందని తెల్లోడికి అర్థమైంది. 1917లో ఏజెన్సీ భూ బదలాయింపు చట్టం చేశాడు. ప్రేమతో చెయ్యలేదు, భయంతో చేశాడు. దాని మీదే 1959 రెగ్యులేషన్, దాని సవరణగా 1970లో 1/70 వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఎవరి పేరున ఉన్నా, ఆదివాసీకి తప్ప ఇంకెవరికీ బదలాయించకూడదని 1/70 తేల్చి చెప్పింది.

చట్టం ఉండి కూడా ఏమైంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సగానికి దగ్గరగా భూమి గిరిజనేతరుల చేతుల్లో ఉందని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. బినామీ పేర్లు, తెల్లకాగితాల ఒప్పందాలు, ఏళ్ల తరబడి లీజులు, ఇవన్నీ మీకు తెలిసినవే. కంచె ఉండగానే సగం చేను పోయింది. కంచె తీసేస్తే పంట పెరుగుద్దని చెప్పేవాడిని ఏమనాలి?

సర్కారు తప్పుకునే చోటు, తోసుకొచ్చే చోటు

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మితవాద ఆర్థిక విధానం అంటే ఏంటని అడిగితే ఒక్క ముక్కలో చెప్తారు: "వ్యాపారం చెయ్యడం ప్రభుత్వం పని కాదు. ప్రభుత్వం తప్పుకోవాలి, మార్కెట్‌కి వదిలెయ్యాలి." బ్రిటన్‌లో థాచర్, అమెరికాలో రీగన్ 1980లలో ఇదే పాడారు. మన దేశంలో 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఈ దారి తెరిచింది. మన రాష్ట్రంలో 1990ల చివర్లో ప్రపంచ బ్యాంకు అప్పులతో, విజన్ 2020 పత్రంతో వచ్చింది. కరెంటు సంస్కరణల మీద వామపక్షాలు ఆందోళన చేస్తే 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. పార్టీలు మారాయి, జెండాలు మారాయి, ఈ ఒక్క మాట మీద అందరూ దాదాపు ఒకటే.

ఆ మాట నిజమేనా? సర్కారు నిజంగా తప్పుకుంటోందా? మన కొండల్లో నిలబడి చూద్దాం.

తప్పుకునే చోటు చూడండి. ఆసుపత్రికి రోడ్డు లేదు, గర్భిణీని ఇప్పటికీ డోలీలో మోస్తున్నాం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు స్థానిక ఆదివాసీలకే ఇచ్చే జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని స్థానంలో గట్టి చట్టం కావాలని అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నాం. ఉపాధి హామీ పనికి 2024 జనవరి 1 నుంచి ఆధార్ ముడిపెట్టిన చెల్లింపు తప్పనిసరి చేశారు. కొండ మీద సిగ్నల్ ఉండదు, పేరులో ఒక అక్షరం తేడా ఉంటే చేసిన పనికి కూలి రాదు. ఇక్కడంతా "నిధుల్లేవు, నిబంధనలు ఒప్పుకోవు" అంటారు.

తోసుకొచ్చే చోటు చూడండి. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ, నిమ్మలపాడు. అక్కడి భూముల్ని సర్కారే ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకిచ్చింది. సమత సంస్థ కోర్టుకెళ్లింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు చరిత్రలో నిలిచే తీర్పిచ్చింది. 1/70లో "వ్యక్తి" అని ఉంది కదా, ఆ వ్యక్తిలో ప్రభుత్వం కూడా వస్తుంది, కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని కూడా సర్కారు ప్రైవేటు కంపెనీకి ఇవ్వడానికి వీల్లేదు అంది. తవ్వాలంటే ప్రభుత్వ సంస్థో, ఆదివాసీల సహకార సంఘమో తవ్వాలి. లాభంలో కనీసం 20 శాతం అక్కడి ఆదివాసీల అభివృద్ధికి పక్కన పెట్టాలి.

తీర్పుకి తలొగ్గాల్సిన సర్కారు ఏం చేసింది? పెరటి దారి వెతికింది. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ బాక్సైట్ తవ్వుద్ది, తవ్వింది పల్లంలో ప్రైవేటు ఫ్యాక్టరీకి ఇస్తుంది. 2005లో జిందాల్‌తో ఒక ఒప్పందం, 2007లో రస్ అల్ ఖైమాతో ఇంకో ఒప్పందం ఈ పద్ధతిలోనే కుదిరాయి. వ్యాపారం ప్రభుత్వం పని కాదన్నోళ్లే, కంపెనీ కోసం ప్రభుత్వం చేత పలుగూ పారా పట్టించాలని చూశారు. 2015 నవంబరులో జీవో 97తో చింతపల్లి వైపు 1,212 హెక్టార్ల అడవిని ఆ సంస్థకి రాసిచ్చారు. ఊరూరా జనం లేచారు. 2019లో ఆ జీవో రద్దయింది. దాన్ని ఏ పార్టీ దయ అనుకోకండి, అది కొండ మీద జనం కొట్లాడి తెచ్చుకున్నది.

ఇప్పుడు దీని పక్కన విశాఖ ఉక్కు పెట్టి చూడండి. 1966లో జనం ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్రభుత్వ ఫ్యాక్టరీ. దానికి సొంత ఇనుప గని ఇప్పటిదాకా ఇవ్వలేదు. బయట కొనుక్కుని నష్టాల్లో పడితే, 2021 జనవరిలో వంద శాతం అమ్మేస్తామని కేంద్రం నిర్ణయించింది. గని ఇస్తే అదీ ఏదో ఆదివాసీ కొండే అవుతుంది, దాని మీద మన వాదన మనకుంది. నేను చూపించేది వేరు. ప్రైవేటు ఫ్యాక్టరీ ఇంకా కట్టకముందే దానికి ఖనిజం హామీ దొరికింది. ప్రభుత్వ ఫ్యాక్టరీకి దశాబ్దాలైనా దొరకలేదు. ఇది "ప్రభుత్వం తప్పుకోవడం" అవుతుందా? తప్పుకోలేదు. పక్షం తీసుకుంది.

అడవి సంగతీ అంతే. 2022లో కేంద్రం అటవీ సంరక్షణ నియమాలు మార్చింది. అంతకుముందు గ్రామసభ ఒప్పుకుందా, అటవీ హక్కులు పరిష్కరించారా అన్నది కేంద్రం తుది అనుమతి ఇచ్చే ముందే చూడాలి. ఇప్పుడు ఆ పని తర్వాత రాష్ట్రం చూసుకోవాలంది. కేంద్రం ఊ అన్నాక, కంపెనీ డబ్బు కట్టేశాక, రాష్ట్రం వచ్చి "మీ ఊరు ఒప్పుకుంటుందా" అని నిజంగా అడుగుతుందా?

కొత్తగా పంప్డ్ స్టోరేజ్ అంటున్నారు. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు కడతారు. కరెంటు చవగ్గా ఉన్నప్పుడు నీళ్లు పైకి ఎక్కిస్తారు, గిరాకీ ఉన్నప్పుడు కిందికి వదిలి కరెంటు తీసి అమ్ముతారు. చవకలో కొని ఖరీదులో అమ్మే వ్యాపారం, మధ్యలో మన గెడ్డ, మన లోయ. అనంతగిరి మండలం పెదకోట లాంటి చోట్ల ఇవి ప్రైవేటు కంపెనీలకి కేటాయించారు. పచ్చ కరెంటు అని పేరు. కరెంటు పచ్చదే కావచ్చు. గ్రామసభని అడగకుండా తీసుకున్న భూమి మాత్రం 1882లో తీసుకున్న భూమి లాంటిదే.

మరి ప్రభుత్వ ప్రాజెక్టయితే మంచిదా? పోలవరం ప్రభుత్వానిదే. లక్షకి పైగా కుటుంబాలు నిర్వాసితులు. కోయలు, కొండరెడ్లు ఎంతమంది ఊళ్లు వదిలారో, ప్యాకేజీ కోసం ఎన్నేళ్లు తిరుగుతున్నారో మనకి తెలుసు. కాబట్టి "సర్కారు మంచిది, కంపెనీ చెడ్డది" అనే చిన్నపిల్లల పాఠం నేను చెప్పట్లేదు. సర్కారు చిన్నదవ్వాలా పెద్దదవ్వాలా అనేది వాళ్లు మనకిచ్చిన ప్రశ్న. మన ప్రశ్న వేరు. సర్కారు ఎవరి మాట మీద కదులుతోంది? ఎవరి ఊళ్లోంచి తప్పుకుంటోంది, ఎవరి ఊళ్లోకి తోసుకొస్తోంది?

పైన పోస్తే కింద తడుస్తుందా?

ఇంకో మాట తరచూ వింటారు. పెద్దోళ్లకి పన్నులు తగ్గిస్తే పెట్టుబడి పెడతారు, ఫ్యాక్టరీలొస్తాయి, ఉద్యోగాలొస్తాయి, మెల్లగా కింది దాకా వస్తుంది అని. కొండ మీద వాన పడితే పల్లానికి నీళ్లు వస్తాయి నిజమే. కానీ మధ్యలో ఆనకట్ట కట్టుకున్నవాడు గేటు ఎత్తితేనే వస్తాయి.

2015లో సంపద పన్ను ఎత్తేశారు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22 శాతానికి, కొత్త తయారీ కంపెనీలకి 15 శాతానికి తగ్గించారు. దీనివల్ల ఖజానాకి ఏడాదికి 1 లక్షా 45 వేల కోట్లు తగ్గుతాయని ప్రభుత్వమే చెప్పింది. పెట్టుబడి వరదలా వచ్చిందా? 2022 సెప్టెంబరులో ఆర్థిక మంత్రే పారిశ్రామికవేత్తల్ని హనుమంతుడితో పోల్చారు. మీ బలం మీకు తెలీట్లేదా, పెట్టుబడి పెట్టడానికి ఏం అడ్డొస్తోంది అని బహిరంగంగా అడగాల్సొచ్చింది. వ్యాపారి పన్ను తగ్గిందని ఫ్యాక్టరీ పెట్టడు. సరుకు కొనేవాడుంటే పెడతాడు. కొనాల్సిన జనం జేబులో డబ్బు లేకపోతే మిగిలిన లాభాన్ని ఇంట్లో పెట్టుకుంటాడు. దీనికి ఆర్థికశాస్త్రంలో డిగ్రీ అక్కర్లేదు. సంతలో చీపుర్లు అమ్మే మన అమ్మని అడిగినా చెప్తాది.

పోల్చడానికి ఒక్క అంకె చెప్తా. దేశంలో పది కోట్లకి పైగా ఉన్న ఆదివాసీల కోసం ఉన్న కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖకి 2025-26 బడ్జెట్‌లో ఇచ్చింది దాదాపు 15 వేల కోట్లు. వేరే శాఖల్లో కూడా మన పేరు మీద నిధులుంటాయి, నిజమే. అయినా పక్కపక్కన పెట్టి చూడండి. కంపెనీలకి ఒక్క నిర్ణయంతో వదిలేసింది దానికి తొమ్మిది రెట్ల పైమాటే. "డబ్బుల్లేవు" అన్న మాట ఈసారి విన్నప్పుడు ఈ రెండు అంకెలు గుర్తుతెచ్చుకోండి.

మరి కాఫీ?

"అన్నా, మార్కెట్ అంతా చెడ్డదేనా? మన కాఫీ ప్యారిస్ దాకా పోయింది కదా" అని అడుగుతారు. మంచి ప్రశ్న. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనకి గర్వమే.

ఆ కాఫీ ఎలా వచ్చిందో చూడండి. మొదట మొక్కలు ఇచ్చింది, నేర్పింది కాఫీ బోర్డు, ఐటీడీఏ లాంటి ప్రభుత్వ సంస్థలు. కొండల్ని పచ్చగా నిలబెట్టింది మన ఆడోళ్ల శ్రమ. కొనడానికి 1956లో పెట్టిన జీసీసీ ఉంది. దాంట్లో లోపాలున్నాయి, వాటి మీద కొట్లాడదాం. కానీ జీసీసీ రేటు ప్రకటించిన రోజు సంతలో దళారీ రేటు ఎందుకు కదులుద్దో మీరే గమనించండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ తోట మనది. 1/70 ఉంది కాబట్టి మనది. అది లేకపోయుంటే కాఫీకి పేరు రాగానే మొదట చేతులు మారేది తోటే. మనం అదే తోటలో రోజు కూలీకి పండు కోసేవాళ్లం.

రేటు మన చేతుల్లో ఉందా అంటే లేదు. అరబికా ధర న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో తేలుతుంది. కాఫీ పండించే దేశాలు, తాగే దేశాలు కలిసి కోటాలతో ధర నిలబెట్టే అంతర్జాతీయ ఒప్పందం ఒకటుండేది. 1989లో ఆ కోటాలు కూలాయి, ప్రపంచమంతా రైతుకి ధర పడిపోయింది. మన దేశంలోనూ పంటంతా కాఫీ బోర్డే సేకరించే పద్ధతిని 1990లలో ఎత్తేశారు. పెద్ద ఎస్టేటు ధర పడినప్పుడు సరుకు దాచుకుంటుంది. అరెకరం తోట ఉన్నోడు బడి ఫీజుకో జబ్బుకో ఆ వారం సంతలోనే అమ్ముకుంటాడు. స్వేచ్ఛా మార్కెట్లో ఇద్దరికీ స్వేచ్ఛ ఉంది. ఒకడికి ఆగే స్వేచ్ఛ, ఇంకొకడికి తెగనమ్ముకునే స్వేచ్ఛ.

అందుకే మనం మార్కెట్‌కి వెళ్లొద్దని నేను అనట్లేదు. మన ముత్తాతలు ఉప్పు కోసం సంతకి దిగినోళ్లే. భూమి చేతిలో ఉంచుకుని, సంఘంగా సంతకి వెళ్దాం అంటున్నా. భూమి పోగొట్టుకుని ఒంటరిగా వెళ్తే అక్కడ మనం అమ్ముకోడానికి మిగిలేది ఒళ్లు ఒక్కటే.

మనం చేయాల్సింది

ఉద్యోగం అడిగే తమ్ముడికి, చెల్లికి నేను ఏం చెప్తా? రిసార్టు వస్తే పదిమందికి పని దొరకొచ్చు. గేటు దగ్గర, వంటగదిలో, గదులు తుడిచే పనిలో. ఆ రిసార్టు కింద భూమి మాత్రం ఒక్కసారే అమ్ముడుపోతుంది. అదే చోట మన సొసైటీ బస కడితే, మన పిల్లలే నడిపితే, దానికి బ్యాంకు అప్పు, ఐటీడీఏ శిక్షణ అడిగితే, చట్టం ఎక్కడా అడ్డం రాదు. సమత తీర్పు కూడా ఆదివాసీ సహకార సంఘానికి తలుపు తెరిచే పెట్టింది. ఆ తలుపులోంచి మనం వెళ్లట్లేదని బయటోడు గోడ పగలగొట్టమంటున్నాడు.

కాబట్టి ఇక్కణ్నుంచి వెళ్లాక చేయాల్సిన పనులు చెప్తా, రాసుకోండి.

ఒకటి. మీ ఊరికి అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కుల పత్రం ఉందో లేదో కనుక్కోండి. వ్యక్తిగత పట్టాతో సరిపెట్టుకోవద్దు. లేకపోతే గ్రామసభ పెట్టి దరఖాస్తు చేయండి.

రెండు. గ్రామసభ రిజిస్టరు ఎవరి దగ్గరుందో చూడండి. మీ ఊరు ఒప్పుకున్నట్టు ఏ తీర్మానం దాంట్లో ఉందో చదవండి. ఒడిశాలో నియమగిరి గుర్తుందా? సుప్రీంకోర్టు 2013లో గ్రామసభల్నే అడగమంది. డోంగ్రియా కొంధుల కొండల్లో 12 గ్రామసభలు పెడితే పన్నెండూ గని వద్దన్నాయి. అంత పెద్ద కంపెనీ ఆగిపోయింది. కాగితం మీద ఊరి మాటకి ఉన్న బలం అది. ఆ కాగితం మన పేరుతో ఇంకొకడు రాయకుండా చూసుకోవడం చదువుకున్నోళ్లుగా మీ బాధ్యత.

మూడు. మీ ఊళ్లో బినామీ భూముల జాబితా తయారు చేయండి. మనోడి పేరు, బయటోడి డబ్బు. ఇక్కడ మన దగ్గరోళ్లతోనే గొడవ వస్తుంది, తెలుసు. అయినా 1/70ని బయట కాపాడాలంటే ముందు ఇంట్లో కాపాడాలి.

నాలుగు. పల్లంలో ఉక్కు కార్మికులు, కాంట్రాక్టు కార్మికులు, కౌలు రైతులు ధర్నాకి కూర్చుంటే వెళ్లండి. మన కొండని, వాళ్ల ఫ్యాక్టరీని అమ్మకానికి పెట్టింది ఒకటే విధానం. మనం పదిమంది వెళ్తే రేపు మన బంద్‌కి వాళ్లు వందమంది వస్తారు.

ఐదు. వాట్సాప్‌లో ఆ మెసేజ్ మళ్లీ వస్తే గ్రూపులోంచి బయటికి రావొద్దు. తిట్టొద్దు. 1971 సవరణ ఏం చెప్తుందో రాయండి. 1997 తీర్పు ఏం చెప్తుందో రాయండి. పంపినోడు మన తమ్ముడే. వాడి ఆకలి నిజం, నిరుద్యోగం నిజం. వాడికి చూపించిన శత్రువు మాత్రం అబద్ధం.

1/70 ఎవరికి అడ్డం అని అడిగాను కదా. మీ అమ్మకి అడ్డమా? పొలంలో ఉన్న మీ నాన్నకి అడ్డమా? కాదు. కొనడానికి వచ్చినవాడికి అడ్డం. దాన్ని అడ్డంగా ఉండమనే పెట్టుకున్నాం. 1879 నుంచి ఎంతమంది నెత్తురు పోస్తే అది అక్కడ నిలబడిందో మర్చిపోవద్దు. మన తరంలో అది పడిపోకూడదు.

1/70 చట్టాన్ని కాపాడుకుందాం!
గ్రామసభ మాటే చట్టం!
జల్, జంగల్, జమీన్ మనవే!
జై ఆదివాసీ!